హజరత్తయ్యకు నేను పెట్టిన పేరు

హజరత్తయ్యది ముత్తుకూరుకు రెండు మైళ్ల దూరంలో ఉన్న చిన్న పల్లె. తండ్రి మస్తానయ్య కౌలుకు మాగాణి చేసేవాడు. ముగ్గురు మగపిల్లల్లో హజరత్తయ్య నడిమివాడు. అయిదో తరగతితో చదువు ఆపి, నెల్లూరులో ధాన్యం లారీ మీద క్లీనరుగా చేరాడు. యాభైఆరులో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని మద్రాసు పోయి చేరిపోయాడు. తుపాకీ మీద అతనికి మోజేమీ లేదు. అక్కడ లారీ నడపడం నేర్పిస్తారని ఎవరో చెప్పారు, అందుకు పోయాడు. నేర్పించారు కూడా.

నేను ఆ రోజుల్లో ముత్తుకూరు మిషన్ బడిలో అయ్యవారిని. నా పేరు ఆనందబాబు. బడిపని కాక నాకు ఇంకో వ్యాపకం ఉండేది. నెల్లూరు నుంచి వెలువడే ‘తూర్పు కెరటం’ అనే వారపత్రికకు మా ప్రాంతపు విలేఖరిని. తుఫాను వచ్చినా, కృష్ణపట్నం దగ్గర పడవ తిరగబడినా, కాలవకు గండి పడినా నేనే రాసి, కవరులో పెట్టి, నెల్లూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాణ్ణి. యాభైతొమ్మిదిలో రష్యావాళ్ల రాకెట్టు చంద్రుణ్ణి తాకిందని తెలిసిన వారం, సంపాదకులు గంగాధరం గారు నన్ను పిలిపించారు.

“జనమంతా ఆకాశం వంక చూస్తుండారు ఆనందబాబూ. ఏదో ఒక సీరియల్ ఆకాశంలోనే నడిపించు” అన్నారు.

అట్లా మొదలయింది ‘అంగారక సేనాని’. అంగారక గ్రహం మీద మనుషులు కట్టుకున్న నగరాన్ని శత్రువుల నుంచి కాపాడే సేనాని పేరు వజ్రబాహుడు. అతని రాకెట్టులో ఎప్పుడూ ఒక విలేఖరి ఉంటాడు, పేరు సత్యం. వజ్రబాహుడు యుద్ధం చేస్తాడు, సత్యం ఆ యుద్ధాన్ని భూలోకపు పత్రికలకు పంపుతాడు. సేనానిని అతను ఒక్క ప్రశ్న అడిగి ఎరగడు. సేనాని నిద్రపోతున్నా అందులో ఏదో గాంభీర్యం కనిపెట్టి రాస్తాడు. నాకు తెలిసిన విలేఖరితనం అదే. మంత్రిగారు వచ్చినా, కలెక్టరుగారు వచ్చినా నేను అట్లాగే రాసేవాణ్ణి. పాఠకులకు ఇద్దరూ నచ్చారు. మూడేళ్లు సీరియల్ ఆగకుండా నడిచింది.

అరవైరెండు చివర చైనాతో యుద్ధం వచ్చింది. అరవైమూడు ఫిబ్రవరిలో హజరత్తయ్య ఇంటికి వచ్చాడు. మంచుకు నల్లబడిపోయిన కుడికాలి వేళ్లు మూడింటిని అస్సాం ఆసుపత్రిలో తీసేశారు. సైన్యం ఇక చాలని పంపేసింది. మా ప్రాంతంలో ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి అతనొక్కడే. వార్త తెలిసిన మర్నాడే నేను సైకిలు మీద వాళ్ల ఇంటికి పోయాను.

అతను అరుగు మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. భార్య ప్రమీలమ్మ నాకు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది.

“అక్కడ ఎట్టుండింది హజరత్తయ్యా?” అన్నాను.

“చలి సార్. శానా దూరం నడిచినాం.”

“శత్రువులను ఎదుర్కొన్నారా?”

“వాళ్లు వచ్చినారు. మేం నడిచినాం” అన్నాడు.

అంతకు మించి అతని నోట ఏమీ రాలేదు. నేను ఇంటికి వచ్చి రెండు పేజీలు రాశాను. కొండ కనుమలో ఒంటరిగా మరతుపాకీ పట్టుకుని ఒక పగలూ ఒక రాత్రీ శత్రువులను నిలబెట్టాడని రాశాను. కాలివేళ్లు తెగినా వెనక్కి చూడలేదని రాశాను. ఇదంతా ఎవరు చెప్పారని నన్ను ఎవరూ అడగలేదు. పైన ‘మన జిల్లా వజ్రబాహుడు’ అని పేరు పెట్టింది నేనే. గంగాధరం గారు దాన్ని, తుపాకీ పట్టుకున్న అతని బొమ్మ ఒకటి గీయించి, మొదటి పేజీలో వేశారు.

పేరు నిలిచిపోయింది. టీ అంగట్లో, కల్లాల దగ్గర, బస్సులో, ఎక్కడ చూసినా అతను వజ్రబాహుడే.

వారం తర్వాత, మధ్యాహ్నం బువ్వకు బడి విడిచిన వేళ, హజరత్తయ్య కుంటుకుంటూ వచ్చాడు. చొక్కా జేబులోంచి మడిచిన పత్రిక తీసి నా బల్ల మీద పెట్టాడు.

“ఇందులో ఉండేది నేను కాదు సార్” అన్నాడు.

“కొంచెం రంగు వేసినాం. పత్రికన్నాక అట్టనే ఉంటాది.”

“రంగు కాదు. నేను తుపాకీ పేల్చనే లేదు. నా చేతిలో లారీ ఉండింది. దోవ తెగిపోయినాక అదీ లేదు.”

ఆ తర్వాత, కిటికీలోంచి బయటికి చూస్తూ, జరిగింది చెప్పాడు. వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చింది. లారీలు వదిలేసి అందరూ అడవిలో పడి నడిచారు. అతనితోపాటు కోట ఊరి క్రీస్తుదాసు ఉన్నాడు. అంత దూరంలో ఒకే జిల్లావాళ్లు, ఒకే మాట మాట్లాడేవాళ్లు కావడంతో ఇద్దరూ అన్నదమ్ముల్లాగా ఉండేవాళ్లు. ఫిరంగి గుండు పెంకు తగిలి క్రీస్తుదాసు తొడ చీరుకుపోయింది. హజరత్తయ్య అతన్ని వీపున వేసుకుని మూడు రోజులు నడిచాడు. నాలుగో రోజు పొద్దున అతనికి తన పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. ముందు నిట్టనిలువు వాలు. క్రీస్తుదాసును ఒక బండ చాటున కూర్చోబెట్టి, తన దుప్పటి కూడా కప్పి, మనుషుల్ని తీసుకొస్తానని చెప్పి ఒంటరిగా దిగాడు.

“వదిలేసి పొమ్మని వాడు అన్నాడా అని అడగబాకండి సార్. అనలేదు. ‘అక్కా, అక్కా’ అని పిలుస్తుండాడు. వాళ్లమ్మని వాడు అక్కా అంటాడు. ఇంట్లో మేనమామలు అట్టా పిలుస్తుంటే విని వాడికీ అదే అలవాటయింది. నేను వాలు దిగిందాకా వినబడింది. రెండు రోజులకు నాకు మనుషులు కనబడినారు. వెనక్కి ఎవురూ పోలేదు.”

తిరిగి వచ్చేటప్పుడు గూడూరులో రైలు దిగి, కోటకు పోయి, క్రీస్తుదాసు తల్లి మగ్దలీనమ్మను చూశాడట. గుండు తగిలి అక్కడికక్కడే పోయినాడని చెప్పాడట. నొప్పి పడలేదు గదా నాయనా అని ఆమె అడిగితే, లేదమ్మా అన్నాడట.

“మా ఇంట్లో దానికి కూడా ఈ సంగతి చెప్పలేదు. మీరు చదువుకున్నోళ్లు, అందుకని చెప్తుండా. ఆ మరతుపాకీ మాట తప్పని రాయండి. కానీ ఇది మాత్రం రాయబాకండి” అన్నాడు.

రాయనని మాటిచ్చాను.

మరతుపాకీ మాట తప్పని రాయడానికి నెల్లూరు పోయాను. గంగాధరం గారు నవ్వారు. “ఇంటింటా వాడి బొమ్మ గోడకు అంటించుకుంటుండారు. ఇప్పుడు పోయి వాడు లారీ డ్రైవరని చెప్తావా?” అన్నారు. నేను పెద్దగా పట్టుబట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆయన కాదనడం నాకు హాయిగానే అనిపించింది.

ఆ నెలలోనే నెల్లూరులో సభ పెట్టి హజరత్తయ్యకు దండలు వేశారు. ఆడవాళ్లు గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమంటే అతను లేచి, “నాతోపాటు కోట నుంచి క్రీస్తుదాసని ఉండినాడు...” అని మొదలుపెట్టాడు. అంతలోనే చప్పట్లు మోగాయి. అతను కాసేపు నిలబడి, కూర్చున్నాడు. నేను ముందు వరసలో కాగితం, పెన్సిలు పట్టుకుని ఉన్నాను. ఆ సభ గురించి పత్రికలో ఒకటిన్నర కాలమ్ రాశాను. ఆ ఒక్క వాక్యం మాత్రం రాయలేదు.

ఏడాది దాటింది. యుద్ధం మాట పాతబడింది. నా సీరియల్ కూడా పాతబడింది. పాఠకుల ఉత్తరాలు తగ్గాయి. అరవైనాలుగు వేసవిలో గంగాధరం గారు మళ్లీ పిలిపించారు.

“ఇంకా ఎన్నాళ్లు గెలుస్తాడయా ఆ సేనాని? జనానికి విసుగు పుట్టింది. వాణ్ణి కింద పడెయ్యి. ఆ సత్యం ఇన్నాళ్లూ భజన చేసినాడు గదా, ఇప్పుడు వాడి చేతనే సేనాని గుట్టు ఏదన్నా బయటికి లాగించు.”

బస్సులో వస్తూ ఏ గుట్టు పెట్టాలా అని ఆలోచించాను. ఒకటి రెండు దొంగతనాలు, ఒక రహస్యపు పెళ్లి తోచాయి. ఏవీ బాగాలేవు. బాగున్నదేదో నాకు ముందే తెలుసు. ముత్తుకూరులో దిగేసరికి మనసు దాన్నే పట్టుకుని ఉంది. అంగారకుడి ధ్రువాల దగ్గర మంచు ఉంటుందని నేను ఎక్కడో చదివి ఉన్నాను. అది చాలు అనుకున్నాను. అంగారకుడు ఎక్కడ, ముత్తుకూరు ఎక్కడ, ఎవరు కలిపి చూస్తారు అని కూడా అనుకున్నాను. వజ్రబాహుడి పేరును హజరత్తయ్యకు తగిలించింది నేనేనన్న సంగతి ఆ పూట నాకు గుర్తు రాలేదని చెబితే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను.

అయిదు వారాలు రాశాను. వజ్రబాహుడు గాయపడిన స్నేహితుడు శరభుణ్ణి మంచులో ప్రాణంతో వదిలేసి వస్తాడు. భూలోకానికి వచ్చి, శరభుడు వీరమరణం పొందాడని అబద్ధం చెప్పి సన్మానాలు చేయించుకుంటాడు. సత్యం దాన్ని పట్టుకుని వారం వారం కొంచెం కొంచెం బయటపెడతాడు. బండ ఉంచాను. దుప్పటి ఉంచాను. మూడు రోజులు మోసిన సంగతి మాత్రం తీసేశాను, అది ఉంటే జనానికి సేనాని మీద జాలి కలుగుతుందని. మంచులో శరభుడు తల్లిని తలచుకుని ‘అక్కా’ అని పిలుస్తాడని రాశాను. ఆ ముక్క రాసినప్పుడు నాకే కన్నీళ్లు వచ్చాయి. మంచి రచన అంటే ఇదే అనుకున్నాను.

నా జన్మలో అన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. ఇన్నాళ్లకు సత్యం అసలైన విలేఖరి అనిపించుకున్నాడని కావలి నుంచి ఒక కాలేజీ విద్యార్థి రాశాడు. దాన్ని నా భార్య ఎలిశబెతుకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ, “అమ్మను అక్కా అనే ఆ ముక్క యాడ దొరికింది మీకు?” అంది.

“కల్పించినాను” అన్నాను.

ఆమె నా మొహం వంక చూసి మళ్లీ బియ్యంలో తలపెట్టింది.

ముత్తుకూరు టీ అంగట్లో ఎవరో నవ్వులాటకు, “ఏం వజ్రబాహుడా, ఆ శరభుడు ఎవురు?” అన్నారట. హజరత్తయ్య గ్లాసు కింద పెట్టి లేచి పోయాడట. అతను నవ్వేసి ఉంటే అక్కడితో పోయేది. నవ్వలేదు గనక జనం ఆలోచించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత అతను బజారుకు రావడం మానేశాడు. ఒకరోజు ప్రమీలమ్మ బడి గేటు దగ్గర నిలబడి ఉంది.

“మా ఆయన మీతో ఏమన్నా చెప్పినాడా సార్?” అని అడిగింది.

నేను గేటుకు తాళం వేస్తున్నట్టు అటు తిరిగాను.

“చెప్పినాడన్నమాట” అంది. “ఏడేళ్లు కాపురం చేసినాను. నాకు చెప్పలేనిది మీకు చెప్పినాడంటే ఎంత నమ్మినాడో” అని, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఆరాధన ముగించుకుని గుడి నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. పెద్దామెకు అరవై ఏళ్లుంటాయి. మనిషి పొడుగు, మోకాళ్ల నొప్పి ఉన్నట్టు కర్ర పట్టుకుని ఉంది. రెండో ఆమె చెల్లెలి కూతురు కరుణాకుమారి, కోటలో నర్సు. పెద్దామె మగ్దలీనమ్మ అని కరుణాకుమారే చెప్పింది.

లోపల కూర్చోబెట్టాను. ఎలిశబెతు కాఫీ తెచ్చి ముందు పెట్టింది.

“నాకు చదువు రాదు నాయనా” అంది మగ్దలీనమ్మ. “మా కరుణ వారం వారం నీ కథ చదివి వినిపిస్తాది. రాకెట్లు, తారలు, అదంతా నాకు అర్థం కాదు. ఊరికే వింటా. పోయిన వారం ఒక పిల్లోడు మంచులో కూర్చుని తల్లిని అక్కా అని పిలిచినాడంట గదా.”

“అది కథమ్మా. అంగారకుడి మీద జరిగినట్టు...”

“తెలుసు. కథే.” ఆమె కర్ర మీద రెండు చేతులూ ఆనించింది. “నా కొడుకు నన్ను అక్కా అనేవాడు. ఇంకెవురన్నా అట్టా అంటారేమో, నాకు తెలీదు. ఒక్కటి అడిగిపోదామని వచ్చినా. ఆ కథలో పిల్లోడు, ఆ సేనాని వదిలేసి పోయినాక, ఎంతసేపు బతికి ఉండినాడు?”

“అది నేను రాయలేదమ్మా” అన్నాను.

“రాయలేదు. అందుకే అడుగుతుండా.”

“అంతా కల్పనే. నాకెవురూ ఏమీ చెప్పలేదు” అన్నాను. ఆదివారం, గుడి బట్టలతో, బైబిలు పక్కన పెట్టుకుని ఆ మాట అన్నాను.

ఆమె చాలాసేపు నా వంక చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి. చదువు రాని మనిషి ఉత్తరం పట్టుకుని చూసినట్టు చూసింది. తర్వాత, “పోదాం పా కరుణా” అని లేచింది. కాఫీ అట్లాగే ఉండిపోయింది.

వాళ్లు బస్సెక్కాక ఎలిశబెతు గ్లాసులు తీస్తూ, “ఆయన దగ్గరికి పోండి” అంది. ఆయన ఎవరో నేను అడగలేదు.

సాయంత్రం హజరత్తయ్య నారుమడి దగ్గర ఉన్నాడు. గట్టు మీద నిలబడే అంతా చెప్పాను. మగ్దలీనమ్మ వచ్చిందని, ఏమడిగిందని, నేను ఏమన్నానని. నన్ను తిడతాడనుకున్నాను, కొట్టినా కొడతాడనుకున్నాను. అతను కాలవలో కాళ్లు కడుక్కుని గట్టెక్కాడు.

“ఆమె అంత దూరం వచ్చిందా, ఆ మోకాళ్లతో” అన్నాడు.

“నేను గూడా వస్తాను. నేనే చెప్తాను.”

“మీరు రాబాకండి సార్. మీరు చెప్పింది చాలు.”

గొంతు పెంచకుండా అన్నాడు ఆ మాట.

మర్నాడు మొదటి బస్సుకు అతను కోట పోయాడు. అక్కడ జరిగింది నాకు ఆ తర్వాత కరుణాకుమారి చెప్పింది. హజరత్తయ్య వాకిట్లోనే నేల మీద కూర్చుని, లారీ వదిలేసిన దగ్గర నుంచి అంతా చెప్పాడట. మగ్దలీనమ్మ మధ్యలో ఏడవలేదట. ఏ పక్కకు తిరిగి కూర్చోబెట్టినావు, ఎండ తగులుతుండిందా, దగ్గర నీళ్లు ఉన్నాయా అని అడుగుతూ పోయిందట. అంతా అయిపోయాక, “మూడు రోజులు మోసినావా?” అందట. అతను తల ఊపాడట. “అది ఆ కథలో లేదే” అందట. కర్ర పక్కన పెట్టి, “నాకు నువ్వు అబద్ధం చెప్పినావు. తల్లికి నిజం చెప్పే ధైర్యం ఎవురికుంటాది. పోనీ. కానీ నాకంటే ముందు ఆ పత్రికాయనకు చెప్పినావే” అని, అప్పుడు ఏడ్చిందట. ఇక పొమ్మని లోపలికి పోయి తలుపు వేసుకుందట. అతను సాయంత్రం బస్సు దాకా వాకిట్లోనే కూర్చుని వచ్చేశాడు.

నేను నెల్లూరు పోయి సీరియల్ ఆపేస్తానన్నాను. గంగాధరం గారికి ఒళ్లు మండింది. ఇంత గిరాకీలో ఉన్నదాన్ని ఎవడన్నా ఆపుతాడా అన్నారు. నేను రాయడం మానేశాను. ఇంకెవరి చేతనో పూర్తి చేయించారు. చివరి వారంలో వజ్రబాహుణ్ణి సంకెళ్లతో ఊరేగించారు. సత్యానికి బంగారు పతకం ఇచ్చారు. ఆ వారం సంచిక నేను కొనలేదు గానీ, బడిలో తోటి అయ్యవారి బల్ల మీద ఉంటే నిలబడే చదివాను.

క్షమాపణ అని ఒక పేజీ రాసి హజరత్తయ్య దగ్గరికి తీసుకుపోయాను. అచ్చు వేయిస్తానన్నాను. అతను చదవకుండానే మడిచి నా చేతిలో పెట్టాడు.

“మళ్లీ పత్రికలోనా సార్?” అన్నాడు.

అది నా దగ్గరే ఉండిపోయింది. విలేఖరి పని మానుకున్నాను. మానుకున్నంత మాత్రాన ఏదో మేలు చేశానని అనుకోవడం లేదు. ఒక మనిషిని అడగకుండా పైకెత్తాను, అడగకుండా కింద పడేశాను. రెండుసార్లూ నాకు పేరే వచ్చింది. సీరియల్లో సత్యానికి ఎన్నడూ సిగ్గు వేసినట్టు నేను రాయలేదు. అట్లాంటిది ఒకటి ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

హజరత్తయ్య ప్రతి రెండు మూడు నెలలకూ కోట పోతూనే ఉన్నాడు. మొదటి ఏడాది మగ్దలీనమ్మ తలుపు తీయలేదు. అరవైఆరులో తుఫాను గాలికి ఇంటి కప్పు ఎగిరిపోతే, అతను తాటాకు కట్టలు బండికెత్తించుకుని పోయి, రెండు రోజులుండి కప్పు నేశాడు. ఆ రోజు ఆమె అన్నం పెట్టిందట. ఆ తర్వాత ప్రమీలమ్మను కూడా తీసుకుపోయాడు. ఇప్పుడు వాళ్ల చిన్నపిల్ల ఆమెను అవ్వా అని పిలుస్తుందని కరుణాకుమారి చెప్పింది.

నాతో మాత్రం మగ్దలీనమ్మ మాట్లాడలేదు. పోయిన క్రిస్మస్‌కు ఆమెను చూద్దామని నేను కోట గుడికి పోయాను. ఆరాధన అయ్యాక ఆమె అందరి చేతులూ పట్టుకుని పలకరిస్తూ వచ్చి, నా ముందుకు వచ్చేసరికి కర్ర ఇంకో చేతికి మార్చుకుని పక్కకు పోయింది. ఈ సంగతులన్నీ రాసుకోవచ్చా అని కరుణాకుమారి ద్వారా అడిగించాను. హజరత్తయ్య, మగ్దలీనమ్మ ఇష్టం అన్నాడు. ఆమె, “రాయమను. కానీ ఆ శరభుడు గిరభుడు కాదు, నా బిడ్డ పేరు రాయమను. వాణ్ణి ఎవురు మోసినారో కూడా రాయమను” అందట.

రాశాను. దీన్ని అచ్చుకు ఇచ్చే ముందు హజరత్తయ్య ఇంటికి పోయి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అతను నులకమంచం బిగిస్తూ విన్నాడు. ప్రమీలమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. చదవడం అయ్యాక అతను మంచం మీద చెయ్యి పెట్టి బిగువు చూసుకుని, “పిల్లోళ్లు తడవకుండా వానలకు ముందు మీ బడి కప్పు మరమ్మతు చేయించాల సార్, నేను వచ్చి చూస్తాలే” అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను. కాగితాలు సర్దుకుని సైకిలు తీసుకున్నాను.